ఆరోగ్యపు లెక్కలను కలిపి చదువుట

మనుష్యుడు జన్మించినది మొదలు కన్నుమూయువరకు అతనినిగూర్చిన వ్రాతలు అనేక స్థలములందు నిలిచియుండును. జననమును పంచాయతీ లేక పురపాలక కార్యాలయమువారు నమోదు చేయుదురు. శైశవమున వేసిన టీకాల తేదీలు ఆరోగ్య ఉపకేంద్రమునందలి పుస్తకములోనికి ఎక్కును. జ్వరము వచ్చి ఆసుపత్రికి పోయిన దినమున అచ్చట ఒక చీటి పుట్టును. రక్తపరీక్ష చేసిన ప్రయోగశాలలో ఒక లెక్క, మందులిచ్చిన చోట మరియొక లెక్క, శస్త్రచికిత్స జరిగినచో కాగితముల కట్ట ఒకటి మిగులును. తుదకు మరణమును వ్రాసికొనుటకు వేరొక రిజిస్టరు ఉండనే యున్నది.

ఈ వ్రాతలలో ప్రతిదియు తన పనికి చాలినదే. కాని ఒకదాని సంగతి మరియొకదానికి తెలియదు. టీకాల పుస్తకమునకు ఆ శిశువు పెరిగి ఎట్లున్నాడో తెలియదు. మరణముల రిజిస్టరునకు ఆ మనిషి ఏ నీరు త్రాగెనో, ఏ పొగ పీల్చెనో, ఏ మందు మ్రింగెనో తెలియదు. వ్యాధులకు కారణములేవి, చికిత్సలలో నిజముగా మేలు చేయునవేవి అను ప్రశ్నలకు సమాధానము పెక్కుమార్లు ఏ ఒక్క పుస్తకమునందును లభింపదు. రెండు మూడు పుస్తకములను ప్రక్కప్రక్కన పెట్టి చదివినప్పుడే అది బయటపడును. ఇట్లు వేరువేరు చోట్లనున్న ఆరోగ్య వివరములను కలిపి పరిశోధించు విధానము, దానివలన కలిగిన మేలు, అందలి చిక్కులు, ప్రజలు వహింపవలసిన శ్రద్ధ ఇందు వివరింపబడినవి.

లండను నగరమున కలరా

ఈ విధానము నిన్న మొన్న పుట్టినది కాదు. 1854వ సంవత్సరమున లండను నగరమును కలరా పీడించెను. దుర్గంధముతో నిండిన గాలివలన ఆ వ్యాధి వచ్చునని నాటి వైద్యులలో పెక్కురు నమ్మియుండిరి. జాన్ స్నో అను వైద్యుడు మాత్రము అది త్రాగునీటివలన వ్యాపించుచున్నదని తలచెను. అయితే తలచుట వేరు, నిరూపించుట వేరు.

దక్షిణ లండనులో రెండు కంపెనీలు గొట్టముల ద్వారా ఇండ్లకు నీరు సరఫరా చేయుచుండెను. సదర్క్-వాక్స్‌హాల్ కంపెనీ, నగరపు మురుగు కలియుచున్న చోటనే థేమ్సు నదినుండి నీరు తోడుచుండెను. లాంబెత్ కంపెనీ 1852లో తాను నీరు తోడు స్థలమును నగరమునకు ఎగువకు మార్చుకొనెను. అనేక వీధులలో రెండు కంపెనీల గొట్టములును ప్రక్కప్రక్కనే సాగియుండెను. ఒక ఇంటికి ఒక కంపెనీ నీరు, పొరుగింటికి మరియొక కంపెనీ నీరు వచ్చుచుండెను. ఇందు ధనికులు, పేదలు అను భేదము లేదు. పీల్చు గాలి అందరికిని ఒక్కటే.

స్నో మూడు లెక్కలను ఒకచోట చేర్చెను. కలరాతో మరణించినవారి చిరునామాలను జనన మరణముల ప్రధాన నమోదు కార్యాలయమునుండి సంపాదించెను. ఆ ఇండ్లకు పోయి, వారు ఏ కంపెనీ నీరు వాడుచుండిరో విచారింపజేసెను. ఇంటివారికి తెలియని చోట నీటిని సీసాలో పట్టి పరీక్షించెను. ఒక కంపెనీ నీటిలోని ఉప్పు రెండవదానిలోకంటె దాదాపు 40 రెట్లు హెచ్చుగా నుండుటచే భేదము తేలికగా తెలిసెను. ఒక్కొక్క కంపెనీ మొత్తము ఎన్ని ఇండ్లకు నీరిచ్చుచున్నదో పార్లమెంటునకు అందిన లెక్కలనుండి గ్రహించెను. ఈ మూడింటిని కలిపి చూడగా, ఆ యేటి వ్యాధి మొదటి ఏడు వారములలో సదర్క్ కంపెనీ నీరు వాడిన ప్రతి 10,000 ఇండ్లకు 315 మరణములును, లాంబెత్ కంపెనీ నీరు వాడిన ప్రతి 10,000 ఇండ్లకు 37 మరణములును సంభవించినట్లు తేలెను.

మరణముల పట్టికలో నీటి ప్రస్తావన లేదు. నీటి కంపెనీల లెక్కలలో మరణముల ప్రస్తావన లేదు. రెండును కలిసినప్పుడే నిజము బయటపడినది. రాబర్టు కాక్ అను జర్మను శాస్త్రజ్ఞుడు 1884లో మన కలకత్తా నగరమున కలరా క్రిమిని వేరుచేసి పరిశీలించుటకు ముప్పది ఏండ్లు పూర్వమే, ఆ క్రిమిని కన్నులార చూడకయే, అది వచ్చు త్రోవను ఈ లెక్కలు చూపగలిగినవి.

జీవిత గ్రంథము

స్నో కలిపినవి ఇండ్ల లెక్కలు. ఒక్కొక్క మనిషినిగూర్చిన పత్రములను కూర్చు పద్ధతి ఇరువదవ శతాబ్దమున వృద్ధి పొందినది. అమెరికా జనన మరణ గణాంక శాఖకు అధిపతియైన హాల్బర్ట్ డన్ 1946లో దీనికి చక్కని పోలిక చెప్పెను. ప్రతి మనిషి జీవితమును ఒక గ్రంథము వంటిది. జననము దాని మొదటి పుట, మరణము కడపటి పుట. ఆ పుటలు వేరువేరు కార్యాలయములలో చెదరియున్నవి. వానిని ఏరి తెచ్చి ఒక సంపుటముగా కుట్టుటయే పత్రముల అనుసంధానమని ఆయన భావము.

ఇట్టి కుట్టుపని ఎంతటి ఫలమునిచ్చునో బ్రిటనులో జరిగిన పరిశోధన నిరూపించినది. రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను శాస్త్రజ్ఞులు 1951లో ఆ దేశపు వైద్యులందరికిని ఒక చిన్న ప్రశ్నావళిని పంపిరి. వారు పొగ త్రాగుదురా, త్రాగినచో దినమునకు ఎంత, మానినచో ఎప్పుడు అనునవే అందలి ప్రశ్నలు. ప్రత్యుత్తరములిచ్చిన పురుషులలో 34,439 మంది వివరములు పరిశోధనకు తీసికొనబడినవి. పిదప ఆ వైద్యులలో ఎవరైనను మరణించినప్పుడు, ఆ మరణ కారణమును నమోదు కార్యాలయములనుండి తెప్పించి, పూర్వము వచ్చిన ప్రత్యుత్తరముతో జతపరచిరి. 1954లో మొదటి ఫలితములు ప్రకటింపబడునాటికి ఊపిరితిత్తుల కాన్సరుతో మరణించిన 36 మందిలో పొగ త్రాగనివాడు ఒక్కడును లేడు. అదే పరిశోధన అర్ధశతాబ్దము సాగి, జీవితాంతము పొగ త్రాగువారు సగటున పదేండ్ల ఆయువును కోల్పోవుదురని 2004లో తేల్చినది. ఇందు కొత్త మందు లేదు, కొత్త యంత్రము లేదు. ఒక ప్రశ్నావళిని ఒక మరణ పత్రముతో ఓపికగా జతపరచుటయే జరిగినది.

భయమును తొలగించిన లెక్కలు

కలిపి చదివిన లెక్కలు వ్యాధికారణములను చూపుటయే కాక, నిరాధారమైన భయములను పోగొట్టుటకును ఉపకరించును. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా అను మూడు వ్యాధులకు కలిపి ఇచ్చు టీకావలన పిల్లలకు ఆటిజము అను మనోవికాస లోపము కలుగునను అనుమానము 1998లో ఇంగ్లండున బయలుదేరినది. దానికి ఆధారముగా చూపబడినది కేవలము 12 మంది పిల్లల వృత్తాంతము. ఆ వ్యాసమును ప్రకటించిన వైద్యపత్రిక 2010లో దానిని ఉపసంహరించినది. కాని ఈలోపల అనేక దేశములలో తల్లిదండ్రులు బెదరి టీకాలు మానిపించిరి.

డెన్మార్కు దేశమున 1968నుండి ప్రతి పౌరునకును ఒక సంఖ్య కలదు. టీకాల పట్టికలోను, మానసిక వైద్యశాలల పట్టికలోను అదే సంఖ్య వ్రాయబడును. పరిశోధకులు ఈ రెండు పట్టికలను కలిపి, 1991 మొదలు 1998వరకు జన్మించిన 537,303 మంది పిల్లల వివరములను పరిశీలించి 2002లో ఫలితమును ప్రకటించిరి. టీకా వేయించుకొన్న పిల్లలలో ఆటిజము, వేయించుకొననివారిలోకంటె హెచ్చుగా లేదు. 12 మంది వృత్తాంతము రేపిన భయమునకు అయిదు లక్షలకు పైబడిన పిల్లల లెక్క జవాబు చెప్పినది.

మన దేశమున జరిగిన కృషి

భారతదేశమునందును ఈ విధానమువలన కలిగిన మేలు తక్కువది కాదు. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థవారు 1987 మొదలు 1990వరకు ఆ నగర సమీపమునందలి 29 గ్రామములలో ఒక కార్యక్రమమును పరిశీలించిరి. వానిలో 15 గ్రామములందు గర్భిణులకు, బాలింతలకు, చిన్న పిల్లలకు అదనపు ఆహారము పెట్టబడెను. మిగిలిన 14 గ్రామములకు ఆ పథకము అప్పటికి ఇంకను చేరలేదు. పదునైదేండ్లు గడచిన పిదప పరిశోధకులు ఆ గ్రామములకు మరల పోయి, పాత పట్టికలలోని కుటుంబములను ఇంటింట గుర్తించి, ఆనాటి శిశువులు ఎట్లు పెరిగిరో కొలిచిరి. 13 మొదలు 18 ఏండ్లవరకు వయస్సుగల 1,165 మంది బాలబాలికలు పరీక్షింపబడిరి. అదనపు ఆహారము అందిన గ్రామములవారు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవు పెరిగిరి. అంతకంటె ముఖ్యమైన విషయమేమనగా, వారి శరీరములు ఇన్సులినును చక్కగా వినియోగించుకొనుచుండెను, రక్తనాళముల బిగువును తక్కువగా నుండెను. తల్లికి, బిడ్డకు పెట్టిన పిడికెడు ఆహారము ఆ బిడ్డను ముందుముందు మధుమేహమునుండియు, హృద్రోగమునుండియు కాపాడగలదను ఆశను ఈ ఫలితము కలిగించినది. ఆనాటి గ్రామ పట్టికలను భద్రపరుపకుండినచో ఈ సత్యము తెలియు అవకాశమే లేదు.

పాముకాటు మరణముల విషయము మరియొక నిదర్శనము. ఆసుపత్రుల లెక్కలను మాత్రమే చూచినచో మన దేశమున పాముకాటుతో మరణించువారు స్వల్పమని తోచును. కాని పాము కరచినవారిలో పెక్కురు ఆసుపత్రికి చేరకయే మరణింతురు. రిజిస్ట్రారు జనరలు కార్యాలయమువారు దేశమందంతట ఎంపిక చేసిన ప్రాంతములలో జనన మరణములను నిరంతరము లెక్కించుచుందురు. పది లక్షలకు పైబడిన కుటుంబములు ఆ లెక్కలోనికి వచ్చును. 2001 మొదలు 2003వరకు ఆ కుటుంబములలో సంభవించిన మరణములనుగూర్చి ఉద్యోగులు ఇంటివారిని విచారించి, వారు చెప్పినదానిని వ్రాసికొనిరి. ఒక్కొక్క వృత్తాంతమును ఇద్దరు వైద్యులు వేరువేరుగా చదివి మరణ కారణమును నిర్ణయించిరి. ఈ నిర్ణయములను దేశ జనాభా లెక్కలతో కలిపి చూడగా, 2005లో సుమారు 46,000 మంది పాముకాటుతో మరణించినట్లు తేలినది. ఇది ఆసుపత్రుల లెక్కకు అనేక రెట్లు. మరణించినవారిలో నూటికి 97 మంది గ్రామవాసులు. వర్షకాలమున ఈ మరణములు హెచ్చు. జనాభాతో పోల్చి చూచినచో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశము దేశమున మొదటి వరుసలో నిలిచినది. విరుగుడు మందు ఏ ఊళ్లలో, ఏ నెలలలో నిలువయుంచవలయునో నిర్ణయించుటకు ఇట్టి లెక్క అవసరము.

కాన్సరు నమోదు కేంద్రములు చేయు పనియు ఇట్టిదే. బొంబాయిలో 1963లో ఇట్టి కేంద్రము మొదట నెలకొన్నది. భారత వైద్య పరిశోధనా మండలి 1981లో జాతీయ కాన్సరు నమోదు కార్యక్రమమును ప్రారంభించినది. హైదరాబాదు జిల్లాయు నేడు అందు చేరియున్నది. ఒక స్త్రీకి రొమ్మునందు గడ్డ కనిపించెననుకొందము. ముక్కపరీక్ష ఒక ప్రయోగశాలలో జరుగును. శస్త్రచికిత్స ఒక ఆసుపత్రిలో, కిరణ చికిత్స మరియొక ఆసుపత్రిలో జరుగును. దురదృష్టవశమున ఆమె మరణించినచో పురపాలక కార్యాలయమున వేరొక నమోదు జరుగును. పత్రములు నాలుగు, రోగి ఒక్కరే. వానిని కలుపనిచో ఒక్క రోగి నలుగురుగా లెక్కకు వచ్చును. నమోదు కేంద్రపు ఉద్యోగులు ఆసుపత్రులకు, ప్రయోగశాలలకు, మరణ నమోదు కార్యాలయములకు తిరిగి, పేర్లను సరిపోల్చి, ఆ నాలుగింటిని ఒకటిగా చేయుదురు. మహానగరములందు గర్భాశయ ముఖద్వారపు కాన్సరు తగ్గుచున్నదనియు, రొమ్ము కాన్సరు పెరుగుచున్నదనియు ఇట్టి కృషివలననే తెలిసినది.

ఇంకను తేలవలసిన సమస్యలును కలవు. శ్రీకాకుళం ప్రాంతమునందలి ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి ఎన్నో కుటుంబములను కృశింపజేసినది. దాని మూలకారణము ఇంకను నిర్ణయింపబడలేదు. నీటి పరీక్షల ఫలితములు ఒక శాఖలో, నేలను, పంటలనుగూర్చిన వివరములు మరియొక శాఖలో, రక్తశుద్ధి చేయించుకొనువారి పట్టికలు ఆసుపత్రులలో నున్నవి. ఎండలో చేయు పని, వాడిన నొప్పి మాత్రలు రోగుల జ్ఞాపకములలో నున్నవి. ఏ ఒక్క లెక్కయు చెప్పజాలని సంగతిని ఇవన్నియు కలిసి చెప్పునేమోయని పరిశోధకుల ఆశ.

ఇద్దరును ఒకరేయని తెలిసికొనుట ఎట్లు?

రెండు పట్టికలలో ఒకే సంఖ్య యున్నచో జతపరచుట సులభము. అట్టి సంఖ్య లేనిచోటనే కష్టమంతయు వచ్చును. తెలుగునాట ఇది అందరికిని అనుభవైకవేద్యము. ఒక చోట ఇంటిపేరు పూర్తిగా వ్రాయుదురు, మరియొక చోట పొడి అక్షరమే వేయుదురు. లక్ష్మి, లక్ష్మమ్మ, వెంకటలక్ష్మి ఒక్కరే కావచ్చును, ముగ్గురును కావచ్చును. వివాహమైన స్త్రీకి ఒక పత్రమున పుట్టింటివారి పేరు, మరియొకదానియందు అత్తింటివారి పేరు ఉండును. ఒకే పేరును ఆంగ్ల లిపిలో ముగ్గురు గుమాస్తాలు మూడు తీరులుగా వ్రాయుదురు. పుట్టిన తేదీ తెలియనివారు వయస్సును నలుబదియనియో, ఏబదియనియో గుండుగా చెప్పుదురు. కొత్తపల్లియను ఊరు ప్రతి జిల్లాలోను దాదాపుగా ఉండును.

కెనడా దేశపు శాస్త్రజ్ఞుడు హోవర్డ్ న్యూకోంబ్ తన సహచరులతో కలిసి, ఇట్టి జతపరచు పనిని కంప్యూటరుచే చేయించు విధానమును 1959లో ప్రకటించెను. ఇవాన్ ఫెలెగి, ఆలన్ సంటర్ అనువారు 1969లో దానికి గణితశాస్త్ర పునాదిని సమకూర్చిరి. అందలి సూత్రమును గ్రామకరణముకూడ ఎరుగును. రెండు పత్రములందును ‘స్త్రీ’ యని యున్నంతమాత్రమున ఇద్దరును ఒకరేయని అనలేము. లోకమున సగము మంది స్త్రీలే. పుట్టిన తేదీ, నెల, సంవత్సరము మూడును సరిపోయినచో నమ్మకము చాల పెరుగును. వెంకటేశ్వర్లు అను పేరు కలిసినదానికంటె అరుదైన పేరు కలిసినచో సాక్ష్యము బలీయము. ఇట్లు ఒక్కొక్క అంశమునకు దాని బలమునుబట్టి మార్కులు వేసి, మొత్తము ఒక హద్దును దాటినచో ఇద్దరిని ఒకరిగా అంగీకరింతురు. చాల తక్కువైనచో త్రోసివేయుదురు. సందేహమున నున్నవానిని మనుష్యులే చూచి తేల్చుదురు.

ఇందు రెండు విధముల పొరపాట్లు జరుగవచ్చును. ఇద్దరు వేరు మనుష్యులను ఒకరిగా కలుపుట మొదటిది. ఒక్క మనిషిని ఇద్దరుగా విడదీయుట రెండవది. రెండవదానివలన కలుగు కీడు పైకి కనుపింపదు. ఒక మందు వాడినవారి పట్టికను మరణముల పట్టికతో కలుపుచున్నారనుకొందము. పేరు సరిపోలక కొందరి మరణములు జతపడకపోయినచో, వారు బ్రతికియున్నట్లే లెక్కకు వచ్చును. మందు ఉన్నదానికంటె మంచిదిగా కనిపించును. పేర్లు సరిగా నమోదుకానివారెవరు? ఊరు విడిచి కూలికి పోవువారు, చదువురానివారు, పేద స్త్రీలు. అనగా ఎవరి బాధ తెలియుట అత్యవసరమో వారే లెక్కనుండి జారిపోవుదురు.

కలిసినంతమాత్రమున సత్యము కాదు

పేర్లు సరిపోయినను, అందలి మాటలు సరిపోవలయును. మన దేశమున రక్తములోని చక్కెరను మిల్లీగ్రాములలో కొలిచి 126 అని వ్రాయుదురు. కొన్ని దేశములందు వేరొక ప్రమాణమున అదే కొలతను 7 అని వ్రాయుదురు. తెలియక రెండింటిని ఒకే వరుసలో చేర్చినచో ఫలితము వికృతమగును. మరణ కారణముగా ‘గుండె ఆగినది’ అని వ్రాయుట మన ఆసుపత్రులలో పరిపాటి. గుండె ఆగనివారు మరణించుట ఎక్కడనులేదు! ఆ గుండె ఏ వ్యాధివలన ఆగెనో వ్రాసిననే అది పరిశోధనకు పనికివచ్చును. ఇందుకొరకే ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధులన్నిటికి ఒకే రీతి పేర్లను, గుర్తులను ఏర్పరచినది. ఆ పట్టిక యొక్క పదునొకండవ కూర్పు 2022 జనవరినుండి అమలులోనికి వచ్చినది.

మరియొక సంగతి. రెండు విషయములు కలిసి కనిపించినంతమాత్రమున ఒకటి రెండవదానికి కారణమని నిశ్చయింపరాదు. ఖరీదైన మందు వాడినవారు ఎక్కువకాలము జీవించిరని లెక్క చెప్పవచ్చును. అది మందు మహిమయో, ఆ మందు కొనగల కలిగినవారికి మంచి ఆహారము, విశ్రాంతి లభించుటవలనయో విచారింపవలయును. స్నో చేసిన పరిశోధన నిలిచినదన్నచో, ఒకే వీధిలో, ఒకే గాలిలో నివసించువారిని పోల్చుటయే అందుకు కారణము. లెక్కలు ఎంత పెద్దవైనను, పోలిక న్యాయమైనది కానిచో ఫలితము న్యాయమైనది కాదు.

గోప్యతను కాపాడుట

వ్యాధి వ్యక్తిగతమైన విషయము. క్షయ, హెచ్‌.ఐ.వి., మానసిక వ్యాధి, సంతానలేమి మొదలగు సంగతులు బయటపడినచో ఉద్యోగములు పోవుటయు, సంబంధములు తప్పిపోవుటయు కలదు. పత్రములను కలుపు శక్తియే రహస్యములను బయటపెట్టు శక్తియు కాగలదు. పేరు కొట్టివేసిననే చాలునని అనుకొనుట పొరపాటు.

అమెరికాలోని మసాచుసెట్సు రాష్ట్రమున 1990 తరువాతి దశకములో ప్రభుత్వోద్యోగుల వైద్య వివరములు, పేర్లు తీసివేసి, పరిశోధనకు ఇయ్యబడెను. పుట్టిన తేదీ, స్త్రీ పురుష భేదము, తపాలా సంఖ్య మాత్రము అందు మిగిలియుండెను. లటానియా స్వీనీ అను పరిశోధక విద్యార్థిని 20 డాలర్లు వెచ్చించి కేంబ్రిడ్జి పట్టణపు ఓటర్ల జాబితాను కొని, దానితో పోల్చి చూచెను. ఆ రాష్ట్రపు గవర్నరు పుట్టిన తేదీయే గల ఓటర్లు ఆ పట్టణమున ఆరుగురు. వారిలో పురుషులు ముగ్గురు. ఆయన తపాలా సంఖ్య గలవాడు ఆయన ఒక్కడే. ఇట్లు గవర్నరు యొక్క వైద్య వివరములు ఆమె చేతికి చిక్కినవి. హాని చేయు తలంపుతో గాక, హెచ్చరించుటకే ఆమె దీనిని ప్రకటించెను.

కావున నేడు పరిశోధకులు కొన్ని కట్టుబాట్లను పాటింపవలసియున్నది. పేర్లు, చిరునామాలు చూచి జతపరచువారు వేరు. వ్యాధి వివరములను పరిశీలించువారు వేరు. మొదటివారికి వ్యాధి తెలియదు, రెండవవారికి మనిషి తెలియడు. నడుమ ఒక గుప్త సంఖ్య మాత్రము సాగును. పుట్టిన తేదీకి బదులు సంవత్సరమును, ఊరికి బదులు జిల్లాను వాడుదురు. ఒక గ్రామమున ఒకరిద్దరికే వచ్చిన వ్యాధిని పట్టికలో ప్రకటింపరు. ప్రతి పరిశోధనకును నీతి సంఘము అనుమతి పొందవలయును. భారత వైద్య పరిశోధనా మండలి 2017లో ప్రకటించిన నియమావళి దీనిని విధించుచున్నది. హెచ్‌.ఐ.వి. రోగుల వివరములను వారి అంగీకారము లేక వెల్లడించుట 2017 నాటి చట్టముచే నిషిద్ధము. గోప్యత పౌరుని ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017 ఆగస్టున తీర్పు చెప్పినది. వ్యక్తుల వివరములను కంప్యూటర్లలో ఎట్లు వాడవలయునో నిర్ణయించు చట్టమును పార్లమెంటు 2023లో ఆమోదించినది. 2021లో దేశవ్యాప్తముగా ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ కార్యక్రమమున పౌరునకు 14 అంకెల ఆరోగ్య సంఖ్య లభించును. దానిని తీసికొనుట ఐచ్ఛికము. ఆ సంఖ్యతో చేరిన పత్రములను ఎవరికి చూపవలయునో నిర్ణయించు హక్కు పౌరునిదే.

ప్రజలు చేయదగిన పనులు

ఈ మహత్కార్యమున సామాన్యుని పాలు స్వల్పమని తలపరాదు. కార్యాలయములలోని పెద్ద పట్టికలన్నియు ఇండ్లలో చెప్పిన చిన్న మాటలనుండియే పుట్టినవి.

జననమును, మరణమును 21 దినములలోపల నమోదు చేయింపవలయును. గడువులోపల నమోదుకు రుసుము లేదు. శిశువునకు పేరు పెట్టిన వెంటనే దానిని జనన పత్రమున చేర్పింపవలయును.

అన్ని పత్రములందును పేరు, ఇంటిపేరు, పుట్టిన తేదీ ఒకే తీరుగా నుండునట్లు చూచుకొనవలయును. ఆసుపత్రిలో గుమాస్తా తప్పు వ్రాసినచో అప్పుడే చెప్పి దిద్దించుకొనవలయును.

ఆసుపత్రి చీటీలను, పరీక్షా ఫలితములను, టీకా కార్డులను పారవేయక ఒక సంచిలో భద్రపరుపవలయును. ఊరు మారినప్పుడు వానిని వెంట తీసికొనిపోవలయును. చిత్తూరు జిల్లా రోగి వేలూరునకు పోయినను, పాలమూరు కూలి బొంబాయికి పోయినను, ఆ సంచియే అతని జీవిత గ్రంథమును తెగిపోనీయక నిలుపును.

మరణము సంభవించినప్పుడు చికిత్స చేసిన వైద్యునినుండి మరణ కారణ పత్రమును పొందవలయును. దానికి రుసుము వసూలు చేయుటకు చట్టము సమ్మతింపదు.

గణన చేయువారు, ఆరోగ్య కార్యకర్తలు ఇంటికి వచ్చినప్పుడు ఉన్నది ఉన్నట్లు చెప్పవలయును. అదే సమయమున, తన వివరములను ఎవరు, దేనికొరకు తీసికొనుచున్నారో, ఎట్లు దాచెదరో అడుగుట ప్రతి పౌరుని హక్కు. అంగీకార పత్రమును చదివించుకొని, అర్థమైన పిమ్మటనే సంతకము చేయవలయును. ఇష్టము లేనిచో నిరాకరింపవచ్చును. అందువలన చికిత్సకు భంగము కలుగరాదు.

ఎన్నడో మరణించిన లండను పౌరుల చిరునామాలు కలరా త్రోవను చూపినవి. హైదరాబాదు చెంతనున్న పల్లెలలో తల్లులు వ్రాయించిన పేర్లు, వారి బిడ్డలు పెద్దవారైన పిదప, ఆహారపు విలువను చాటినవి. వారిలో ఎవరికిని తమ పేరు ఇంతటి పనికివచ్చునని తెలియదు. నేడు పంచాయతీ పుస్తకమున సరిగా వ్రాయించిన ఒక పేరు, ఒక తేదీ, ఒక మరణ కారణము రేపటి బిడ్డ ప్రాణమును నిలుపవచ్చును. వ్రాయించువారు నిజము చెప్పుట, వ్రాయువారు శ్రద్ధతో వ్రాయుట, చదువువారు రహస్యమును కాపాడుట అను మూడును కలిసిననే ఈ కృషి సఫలమగును.